ఆవగింజంత చిరుత

శెనక్కాయ చేలో విత్తి యాభై రోజులు దాటాక, సాళ్లు అటూ ఇటూ కమ్ముకుని ఒకదానికొకటి ఆనుకునే వేళకి, ఎక్కడో ఒక చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ వాలి కనిపిస్తుంది. మిగతా కొమ్మలు పచ్చగానే ఉంటాయి. తడి చాలలేదనుకుని దాటిపోతాం. అలా పోకుండా పొద్దున మంచు ఆరకముందే కూర్చుని, కొమ్మల్ని రెండు చేతులా పక్కకు తీసి మొదలు చూడండి. కాండం నేలకు ఆనిన చోట దూది పింజె విప్పినట్టు తెల్లటి దారాలు. అవి విసనకర్రలా విచ్చుకుని మట్టి మీదికీ రాలిన ఆకుల మీదికీ పాకి ఉంటాయి. వారం ఆగి అదే చోట చూస్తే ఆ దారాల మీద తెల్లటి పూసలుంటాయి. అవే తర్వాత లేత గోధుమరంగుకు, ఆపైన ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎవరో ఆవాలు చల్లినట్టే ఉంటుంది. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల లోపే.

దీన్ని కాండం కుళ్ళు తెగులు అంటారు. చేసేది స్క్లెరోషియం రోల్ఫ్‌సీ అనే బూజు. 1892లో అమెరికాలోని ఫ్లోరిడాలో రోల్ఫ్స్ అనే ఆయన టమాటా తోటల్లో దీన్ని చూసి రాశాడు. 1911లో సక్కార్డో అనే బూజుల శాస్త్రవేత్త ఆ రోల్ఫ్స్ పేరే దీనికి పెట్టాడు. (టమాటా సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.) నేను అనేది ఇంతే: ఇది రోగం బతికినట్టు బతకదు, తిరుమల కొండల మీది శేషాచలం అడవిలో చిరుత బతికినట్టు బతుకుతుంది. చేలో దాన్ని మామూలు రోగమనుకుని, కనబడ్డాక మందు కోసం అంగడికి పరుగెత్తుతున్నాం. కొండ మీద చిరుతనేమో రోగమనుకుని, ఉన్నదాన్ని ఊడబెరికితే వదిలిపోతుందనుకుంటున్నాం.

ముందు ఒక చిక్కు తీర్చుకోవాలి. మన వైపు చెట్టు ఎండితే అన్నిటికీ ‘కుళ్ళు’ అనే ఒక్క మాటే వాడేస్తారు. విత్తిన నెల లోపల మొలక వాలి, మొదట్లో నల్లటి మసి లాంటి పొడి కనిపిస్తే అది ఆస్పర్జిల్లస్ అనే ఇంకో బూజు చేసే మొదలు కుళ్ళు. కొమ్మ చివర మొగ్గ మాడి పైనుంచి కిందికి ఎండుతూ వస్తే అది తామర పురుగులతో వచ్చే వైరస్. యాభై అరవై రోజుల పైన, నేల మట్టం దగ్గర, తెల్ల దారాలతో వచ్చేదే మనం మాట్లాడుకుంటున్నది. మూడింటికీ ఒకే మందు కలిపి కొడితే మూడింట రెండు సార్లు డబ్బు నేలపాలు.

తుప్పు తెగులుతో పోల్చి చూస్తే నా మాట అర్థమవుతుంది. తుప్పు ఆకు అడుగున ఎర్రటి పొక్కులై కూర్చుంటుంది. దానికి బతికున్న కణం కావాలి. చెట్టు చస్తే దాని కూడూ పోయినట్టే. ఎద్దు ఒంటి మీద పిడుదు ఎలాగో తుప్పు అలాగ: రక్తం పీలుస్తుంది గానీ ఎద్దును పడగొట్టాలని చూడదు. జీవావరణ శాస్త్రంలో ఈ రెంటినీ విడదీసే గీత కూడా ఇదే. ఒక ప్రాణిని పట్టుకుని దాని మీదే బతికేది పరాన్నజీవి, ఒకదాని తర్వాత ఒకటి చంపి తింటూ పోయేది వేటజంతువు. ఈ గీత పెట్టి చూస్తే కాండం కుళ్ళు బూజు చిరుత పక్కన కూర్చుంటుంది, తుప్పు పక్కన కాదు. ఒక చెట్టును చంపి, తిని, సాలు వెంబడి పక్క చెట్టుకు పోతుంది.

చంపే తీరు చూడండి. చిన్న జంతువైతే చిరుత మెడ వెనక కొరుకుతుంది, పెద్దదైతే గొంతు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. తినడం తర్వాతి సంగతి. ఈ బూజు కూడా ముందు చంపి తర్వాతే లోపలికి పోతుంది. దారాలు కాండాన్ని తాకీ తాకకముందే ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదులుతాయి. కణాల గోడల్ని ఇటుకకు ఇటుకగా అతికించి ఉంచే పెక్టిన్‌లో కాల్షియం, అంటే సున్నంలోనూ జిప్సంలోనూ ఉండేదే, ఉంటుంది. ఆ ఆమ్లం దాన్ని లాగేసుకుంటుంది. చుట్టూ పులుపెక్కిన ఆ చోట గోడల్ని కరిగించే ఎంజైములు ఇంకా జోరుగా పనిచేస్తాయి. బూజు లోపల అడుగు పెట్టేసరికి అక్కడున్నది చచ్చిన కండే. కాయ ఒలిచినప్పుడు కొన్ని గింజల మీద నీలం-బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయే, అవీ ఈ ఆమ్లం చేసినవే. సున్నం మాట వచ్చింది గదా అని, ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే ఈ తెగులు రాదనుకోవద్దు. జిప్సం వేసేది కాయ గట్టిపడటానికి.

ఇక పొంచి ఉండటం. చిరుత తరిమి పట్టే జంతువు కాదు. అయిదు పది మీటర్ల దాకా పొదల చాటున పాకి వచ్చి ఒక్క దూకు దూకుతుంది. అంత దగ్గరికి రావాలంటే దానికి చాటు కావాలి. బూజు కూడా కొన్ని సెంటీమీటర్ల ఆటగాడే. పరిశోధనశాలలో తిండి పెడితే 9 సెంటీమీటర్ల పళ్ళెం మూడు నాలుగు రోజుల్లో నిండేంత జోరు దానికి ఉంది. చేలో వట్టి మట్టి మీద మాత్రం అలా సాగలేదు. చెట్టు పందిరి కమ్ముకోవాలి, దాని కింద నీడ, తేమ, కదలని గాలి ఉండాలి, 27 నుంచి 30 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండాలి. విత్తాక నెల దాకా చేను ఎంత శుభ్రంగా ఉంటే ఏం, సాళ్లు మూసుకున్న రోజు నుంచే దానికి పొద దొరికినట్టు. గుత్తంగా విత్తి, యూరియా ఎక్కువేసి, రోజు మార్చి రోజు స్ప్రింక్లరు తిప్పే చేలల్లో ఇది ఎందుకు విరుచుకుపడుతుందో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

నిద్ర లేపేది మాత్రం వాసన. మొదట చూసిన ఆ ఆవగింజల్లాంటి పూసలకు ముదురు రంగు పెంకు, లోపల దాచుకున్న తిండి ఉంటాయి. నేల పైపొరలో మూడు నాలుగేళ్లు కదలకుండా పడి ఉండగలవు. వాన ఎగ్గొట్టి, ఆకు రాలి ఎండి, ఆపైన జల్లు పడిందనుకోండి. తడిసిన ఎండాకు నుంచి మిథనాల్ లాంటి ఆవిర్లు వస్తాయి. అవి తగిలితే గింజ పెంకు పగిలి లోపలి దారాలన్నీ ఒక్క కట్టగా బయటికి ఉబుకుతాయి. ఆగస్టు చివర బెట్ట, సెప్టెంబరులో వాన అనే మన చిత్తూరు లెక్కకు ఇది కుట్టించినట్టు సరిపోతుంది. వింతేమిటంటే కన్నూ ముక్కూ లేని బూజు వాసన పట్టి వేటకు లేస్తుంది, అన్నీ ఉన్న చిరుత వేటాడేటప్పుడు ముక్కు కంటే కన్నునీ చెవినీ ఎక్కువ నమ్ముకుంటుంది.

నిజానికి నా వాదనంతా ఈ రాలిన ఆకు మీదే నిలబడి ఉంది. లేచిన బూజు చాలాసార్లు నేరుగా పచ్చి కాండం మీదికి పోదు. పక్కన పడి ఉన్న చచ్చిన ఆకును తిని, బలం పుంజుకుని, అక్కణ్ణుంచి కాండం మీదికి పోతుంది. అందుకే తిక్క ఆకుమచ్చను పట్టించుకోని చేలో కాండం కుళ్ళు కూడా పెరుగుతుంది. మచ్చ పడ్డ ఆకులు రాలి మొదళ్ల చుట్టూ పరుపులా పడతాయి. అదే దానికి విందు. తిక్కకు లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్ గానీ 1 మి.లీ. టెబుకొనజోల్ గానీ, ఈ బూజు మందుల్లో ఒకటి కొట్టే రైతు తెలియకుండానే కాండం కుళ్ళు తిండి కూడా తగ్గిస్తున్నాడు. కార్బెండజిమ్ అనే మందు మీద మోజున్నవాళ్లు ఒకటి గమనించాలి: అది తిక్కను ఆపొచ్చు, ఈ బూజుకు మాత్రం చాలా మటుకు తగలదు. గుంటక తోలేటప్పుడు మట్టిని మొదళ్ల మీదికి ఎగదోసి కింది ఆకుల్ని పూడ్చేయడం ఇంకో పొరపాటు. నలభై అయిదో రోజున మట్టి ఎగదోయడం కాయలు పట్టే ఊడలకు మంచిదే. మట్టి సాలు పక్కకు రావాలి, పచ్చి ఆకు మీద పడకూడదు. పూడిన ఆకు చస్తుంది, బూజుకు కాండం పక్కనే కంచం పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు కొండ వైపు తిరగండి. 2023 జూన్‌లో అలిపిరి మెట్ల దారిలో ఒక బాబును చిరుత కరుచుకుపోయి వదిలేసింది. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తర్వాత కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, ఒకదాని తర్వాత ఒకటి చిరుతల్ని పట్టి తరలించారు, నడిచి వెళ్లేవాళ్లకు చేతికర్రలిచ్చారు, మధ్యాహ్నం 2 తర్వాత పిల్లల్ని మెట్ల దారిలో పంపకుండా ఆంక్ష పెట్టారు. పిల్ల పోయిన ఇంటి ముందు నిలబడి బోను వద్దని ఎవరూ అనలేరు, నేనూ అనను. మనిషిని వేటగా చూడటం మొదలుపెట్టిన జంతువును అక్కడ ఉంచకూడదు. కానీ మెట్ల పక్క పారేసిన తిండి మిగతా రోజుల్లో చేసే పని బోను చేసేదానికంటే పెద్దది. తిండి దగ్గరికి కుక్కలు, పందులు, కోతులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. తిరుపతిలో యూనివర్సిటీ ఆవరణల్లో చిరుత కనబడిందని వార్త వచ్చినప్పుడల్లా జనం ‘దారి తప్పి వచ్చింది’ అంటారు. దారి తప్పలేదు, దాని అడ్రసు సరిగ్గానే ఉంది. కొండను ఆనుకున్న పొదలు, వీధికుక్కలు, హాస్టలు వంటిళ్ల వెనక చెత్త ఉన్న చోట ఇంకేం కావాలి దానికి?

మహారాష్ట్రలోని అకోలె ప్రాంతంలో చిరుతల పెంటను పరీక్షించి లెక్క తీశారు. అవి తిన్న దాంట్లో బరువు ప్రకారం 87 శాతం పెంపుడు జంతువులు, ఊరి జంతువులదే. ఒక్క కుక్కలదే 39 శాతం. అదే రాష్ట్రంలో జున్నర్ దగ్గర ఇంకా గట్టి పాఠం ఉంది. 2001కి ముందు అక్కడ మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 ఉండేవి. ఊళ్ల నుంచి చిరుతల్ని పట్టి దగ్గరి అడవుల్లో వదలడం మొదలుపెట్టాక 2001–2003 మధ్య అవి సగటున 17కు పెరిగాయి. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ బృందం ఈ లెక్కల్ని ప్రచురించింది. ఎరగని చోట వదిలిన జంతువు కంగారులో తిరుగుతుంది. వదిలిన చోటే సమస్య మొలుస్తుంది. పట్టిన చోటేమో ఖాళీ అయిన హద్దులోకి తల్లిని విడిచి తిరుగుతున్న పడుచు చిరుత వచ్చి కూర్చుంటుంది. తిండీ పొదా అలాగే ఉన్నప్పుడు ఖాళీ జాగా ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది?

చేలో దీనికి సరిసమానమైన తప్పు, వాలిన చెట్టును పీకి గట్టు మీద విసరడం. పీకేటప్పుడు ఆవగింజలు జలజలా రాలతాయి. విసిరిన చెట్టు నుంచి వానకు మళ్లీ చేలోకే కొట్టుకొస్తాయి. చెట్టు చుట్టూ జానెడు మేర మట్టితో సహా పారతో తీసి, అక్కడికక్కడే గోతాంలో వేసి, చేను దాటించి కాల్చాలి. ఈడ్చుకుపోకూడదు. ఆ పార, ఆ గుంటక పళ్లు కడగకుండా పక్క చేలోకి తీసుకుపోకూడదు. పీకిన చోట, సాలు వెంబడి అటూ ఇటూ రెండు మూడు అడుగుల దాకా 2 మి.లీ. హెక్సాకొనజోల్ నీళ్లు మొదళ్లు తడిసేలా పోయాలి. ఇది బోను లాంటిది. అవసరమే, కానీ చేను నాశనమయ్యాక నాలుగు చెట్లకు పోసి చూసుకోవడం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

అసలు పని ఎండాకాలంలో ఉంది. ఆ గింజలకు గాలి కావాలి, పైన కొన్ని అంగుళాల్లో ఉంటేనే పనికొస్తాయి. రెక్క నాగలితో 20–25 సెంటీమీటర్లు తిరగేసి పూడ్చేస్తే చాలామటుకు అక్కడే చస్తాయి. కల్టివేటరుతో పది సెంటీమీటర్లు గీకితే పూడవు, చేనంతా సమంగా పంచినట్టవుతుంది. ఇంకో తిరకాసు: ఈ ఏడు లోతుగా తిరగేసి, వచ్చే ఏడు మళ్లీ అంతే లోతుగా తిరగేస్తే పూడ్చినవాటిలో మిగిలినవి పైకొస్తాయి. ఒకసారి లోతుగా, తర్వాత రెండు మూడేళ్లు పైపైనే దున్నాలి.

పంట మార్పిడి దగ్గర మన వైపు అలవాట్లు అడ్డం వస్తాయి. పీలేరు, మదనపల్లె వైపు శెనక్కాయ తీశాక టమాటా నాటడం మామూలు. కానీ ఈ బూజును రోల్ఫ్స్ మొదట చూసిందే టమాటా మీద. మిరప, కంది కూడా దానికి ఇష్టమే. 500కు పైగా మొక్కల మీద బతుకుతుంది మరి. ‘సరే, రాగి వేస్తాం, సంకటికి పనికొస్తుంది’ అంటారు. రాగిలో మొదలు కుళ్ళు చేసేది కూడా ఈ కాండం కుళ్ళు బూజే. జొన్న, సద్ద, మొక్కజొన్న ఒకటి రెండు పంటలు వేస్తే దానికి పస్తు పెట్టినట్టు. నీళ్ల వసతి ఉంటే ఒక కారు వరి వేయండి. నిలవ నీళ్లలో గాలాడక గింజలు చస్తాయి. వేటజంతువుకు వేట లేకుండా చేయడమంటే ఇదే.

ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు విషయం కొంచెం విడమరిచి చెప్పాలి, దాన్ని పాడు చేసుకునేవాళ్లే ఎక్కువ గనక. శేషాచలంలో రేచుకుక్కల గుంపు ఎదురైతే చిరుత చెట్టెక్కుతుంది. మట్టిలో ఈ బూజుకు ట్రైకోడెర్మా అలాంటి రేచుకుక్క. దారాల్ని చుట్టేసి తింటుంది. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడి కావాలి గానీ నీరు కారకూడదు, అంత తేమ చేసి, నీడలో కుప్ప పోసి గోనెపట్టాలు కప్పాలి. మూడు నాలుగు రోజులకోసారి తిరగెయ్యాలి. పది పదిహేను రోజులకు కుప్ప నిండా పచ్చటి బూజు కనిపించాలి. ఎకరాకు సరిపోతుంది. చెడేదెక్కడంటే: పచ్చి పేడ వాడితే కుప్ప వేడెక్కి ట్రైకోడెర్మా చస్తుంది, మిట్టమధ్యాహ్నం పొడి నేల మీద చల్లితే ఎండకు చస్తుంది, విత్తనానికి టెబుకొనజోల్ పట్టించి అదే విత్తనం మీద దీన్నీ పూస్తే మందుకు చస్తుంది. విత్తనానికి కిలోకు 1 గ్రాము టెబుకొనజోల్ పొడి మందు, నేలకు ట్రైకోడెర్మా, తడి ఉన్న వేళ, సాయంత్రం. రెండూ వేరు వేరు చోట్ల ఉంటేనే కాపురం. దిబ్బలో శెనక్కాయ కట్టె తొక్కుడు సగం చివికి ఉంటే ఆ ఎరువు అసలే వద్దు, తెగులును బండి కట్టి తోలుకొచ్చినట్టవుతుంది.

చిరుతకు ఇలాంటి ఎండాకాలపు పని మేకల దొడ్డి. భాకరాపేట, తలకోన వైపు ఎనిమిదడుగుల గోడ కట్టి పైన వదిలేసిన దొడ్లు కనిపిస్తాయి. చిరుత మూడు మీటర్ల ఎత్తు ఎగరగలదు. గోడ మేకను లోపల ఆపుతుందే తప్ప చిరుతను బయట ఆపదు. పైగా లోపల పడ్డాక మేకలు పారిపోలేక చుట్టూ తిరుగుతుంటే ఒక్కదాంతో ఆగదు, కదిలినవాటన్నిటినీ కరుస్తుంది. పైన గట్టి ఇనుప వల కప్పాలి. తలుపు కింద, పక్కన తల పట్టే సందు ఉండకూడదు. దొడ్డి చుట్టూ పది పదిహేను మీటర్లు కంపచెట్లు కొట్టేయాలి. కాపలాకని కుక్కను బయట గొలుసుతో కట్టడం కంచం బయట పెట్టడమే. దాన్ని లోపల పడుకోబెడితే మొరిగి లేపే పని అక్కణ్ణుంచే చేస్తుంది.

ఈ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. చిరుత ఒక్కొక్కటీ ఒక మనిషి లాంటిది. ఒంటి మీది మచ్చల పొందిక ఏ రెంటికీ ఒకటి కాదు, కెమెరా ఫొటోల్లో గుర్తుపట్టేది దాంతోనే. ఆడది మూడు నెలలు మోసి రెండో మూడో పిల్లల్ని కని, ఏడాదికి పైగా వెంట తిప్పుకుని వేట నేర్పుతుంది. మనిషి గొంతు వింటే తప్పుకునే భయం దానికి ఉంది. ఆ భయమే మనకు ఉన్న పెద్ద కంచె. బూజుకు భయమూ లేదు, నేర్చుకోవడమూ లేదు, ఒక చచ్చిన చెట్టు మీద వందలకొద్దీ గింజలు వదిలిపోతుంది. అందుకే చిరుతలు కొండ మీద ఉండాలని వాదించే నేను ఈ బూజు కోసం ఒక్క మాటా వాదించను. ఒకటి అడవిని నిలబెట్టే జంతువు, రెండోది చేను కూల్చేది.

చివరికి ఈ రెండూ ఒకే వేళకు కలుస్తాయి. శెనక్కాయ ఆకు రాత్రి ముడుచుకుంటుంది, మీరు గమనించే ఉంటారు. పగలు మందు కొడితే పందిరి మీదే ఆగిపోయి మొదలు దాకా దిగదు. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, ఆకులు ముడుచుకుని సందులు తెరిచి ఉన్నప్పుడు కొడితే నేల దాకా దిగుతుంది. అమెరికాలోని జార్జియాలో శెనక్కాయ మీద పనిచేసేవాళ్లు రాత్రిపూట కొట్టి చూస్తే కాండం కుళ్ళు మీద మందు బాగా పనిచేసింది. అయితే నాలుగు గంటలు చిరుత తిరిగే వేళ, పాములు తిరిగే వేళ కూడా. అడవి అంచున ఉన్న చేలలో ఒంటరిగా పోవద్దు. ఇద్దరు, చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు, పైకి మాట్లాడుకుంటూ. గట్టు మీద కూర్చోకండి, వంగి కూర్చున్న మనిషి దూరం నుంచి చిన్న జంతువులా కనిపిస్తాడు. ఎదురైతే పరుగెత్తకుండా నిటారుగా నిలబడి, గట్టిగా అరుస్తూ, వెనక్కి అడుగులేయాలి. నాజిల్‌ను చెట్టు పైన కాకుండా సాలు మధ్యకు, మొదళ్ల వైపు వంచి పట్టుకోవాలి. తూరుపు తెల్లబడి ఆకులు విచ్చుకోవడం మొదలయ్యాక ట్యాంకులో మిగిలినదాన్ని పందిరి మీద చల్లి ముగించేయకండి. అందుకే మొదటే ఎంత సాలు తిరగగలరో లెక్క చూసుకుని అంతే కలపండి. మిగతా సాళ్లకు మరుసటి రోజు నాలుగు గంటలకు కొత్తగా కలుపుకోవడమే.